నాలుగో నిద్ర

పట్టుపురుగులు నాలుగో నిద్ర లేచిన రోజున రిసోలత్ తన గదిలోనే ఉండిపోగా, ఇంట్లో మిగతావాళ్ళందరూ పరుపులు చుట్టుకుని వరండాలోకి మారిపోయారు. పెద్ద గది ఇక పురుగులది. గోడ నుంచి గోడకు మూడు వరసల కర్రల పందిళ్ళు, వాటి మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల మీద వేలంత లావు తెల్లటి పురుగులు. గుడ్డులోంచి బయటపడ్డాక పురుగు నాలుగుసార్లే నిద్రపోతుంది. నాలుగో నిద్ర లేచాక వారం పాటు పగలూ రాత్రీ తింటూనే ఉంటుంది, ఆ తరవాత గూడు కట్టుకుంటుంది. ఆ వారంలో మేతలో తేడా వస్తే ఏడాదికొక్కసారి వచ్చే పంట కాస్తా మట్టిపాలే. అందుకే పట్టుకు పేరుపడ్డ మర్గిలాన్ పట్నం దారిలో ఉన్న ఆ ఊళ్ళో ఆ వారం ఎవరూ పెళ్ళిళ్ళు పెట్టుకోరు. పరాయివాళ్ళు ఎవరి గడపా తొక్కరు. ఉల్లీ వెల్లుల్లీ పొయ్యి దగ్గరికి రావు.

సాయంత్రం టీ దగ్గర అత్తగారు రిసోలత్ అడిగింది. "రాత్రి మేత ఎవరేస్తారు?"

"ఇంకెవరు, చిన్న కోడలే!" అంది పెద్ద కోడలు మావ్జుదా. "దానికి తెల్లారేదే రాత్రిపూట కదా."

రిసోలత్ కొడుకులిద్దరూ నవ్వారు. పెద్దవాడు సోబిర్ గట్టిగా నవ్వాడు. రెండోవాడు ఇల్హామ్ మాత్రం భార్య వైపు చూసి, నవ్వు సగంలో ఆపి టీ గిన్నెలోకి చూసుకున్నాడు.

హుల్కర్ ఆ ఇంటికి చిన్న కోడలై వచ్చి ఎనిమిది నెలలు. కోడలు తెల్లవారకముందే లేచి, వాకిలంతా నీళ్ళు చల్లి ఊడ్చి, టీ కాచి, అత్తగారు గదిలోంచి రాగానే చేయి గుండెల మీద పెట్టుకుని వంగి సలాం చెయ్యాలి. మావ్జుదా ఆరేళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా చేస్తోంది. హుల్కర్ ఎనిమిది నెలల్లో వేళకు చేసింది ఓ పది రోజులు ఉంటుందేమో. అర్ధరాత్రి దాటేదాకా ఆమెకు కన్ను మూతపడదు, తెల్లవారుజామున కన్ను తెరుచుకోదు. పుట్టింట్లోనూ అంతే. అక్కడ దాన్నెవరూ తప్పనలేదు. పైగా పురుగుల కాలంలో రాత్రి మేతంతా ఆమెదే. వాళ్ళ అమ్మ తడి ఆకు కనిపిస్తే ఒక్కొక్క కొమ్మనూ తువాలుతో తుడిచి లోపలికి పంపేది.

"ఇది వినండి అత్తయ్యా," అంటూ మావ్జుదా ఫోన్ తీసింది. ఎవరో డాక్టరు మాట్లాడుతున్నాడు. పొద్దున్నే లేచేవాళ్ళనూ రాత్రుళ్ళు మేలుకునేవాళ్ళనూ కూచోబెట్టి ప్రశ్నలు వేశారట. మేలుకునేవాళ్ళలో అబద్ధాలు చెప్పడం, ఎదుటివాళ్ళను ఆడించడం, ఎవరు ఏడ్చినా కరగకపోవడం కాస్త ఎక్కువగా కనిపించాయట. "అందరూ అలా ఉంటారని కాదు," అని డాక్టరు ఏదో చెప్పబోతుంటే మావ్జుదా ఫోన్ కట్టేసింది.

"నా మాట కాదమ్మా. చదువుకున్నవాళ్ళు చెప్పిందే."

"ఆయనొచ్చి మన పురుగులకి మేతేస్తాడా అక్కా?" అంది హుల్కర్ గిన్నెలు కడుగుతూ.

ఇల్హామ్ కిసుక్కున నవ్వాడు. రిసోలత్ నవ్వలేదు. చిన్నగా, పొడిగా ఉండే మనిషి ఆమె. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చేతులు చూస్తూ మాట్లాడుతుంది.

"రాత్రి మేత నువ్వే వెయ్యి. తెల్లవారుజాము మేత పెద్దది వేస్తుంది. ఒక మాట చెప్తున్నా విను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. పురుగులకేమన్నా అయిందా, నీ పెట్టె నువ్వు సర్దేసుకో. మీ అమ్మింట్లో ఎంత పొద్దెక్కేదాకా కావాలంటే అంతదాకా పడుకో."

అత్తింటివాళ్ళు తిప్పి పంపిన పిల్ల ఉన్న ఇంటికి ఆ చుట్టుపక్కల సంబంధాలు రావు. హుల్కర్ వెనక ఇద్దరు చెల్లెళ్ళున్నారు. ఆమె గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని పెద్ద గదిలోకి వెళ్ళింది.

రాత్రి ఆ గదిలో వాన కురుస్తున్నట్టుండేది. వేల పురుగులు ఆకు కొరికే చప్పుడు అది. కొత్తగా విన్నవాళ్ళు చూరు కింద చేయి పెట్టి చూస్తారు. హుల్కర్ కొమ్మలు దాచే సాయబాను కొట్టంలోంచి మోపు తెచ్చి, కొమ్మలను ఒకదానికొకటి అడ్డంగా, ఒకసారి మొదలు అటు, ఒకసారి ఇటు పరిచేది. పురుగులు తలలెత్తి గాలిలో వెతికి, ఒకటొకటిగా కొత్త ఆకు మీదికి ఎక్కేవి. కాసేపు వాన ఆగేది. మళ్ళీ అందుకునేది.

మూడు గంటలకొక మేత. మధ్యలో పని లేదు. ఆ వేళలో ఆమె తల కడిగిన గాజులా తేటగా ఉండేది. పగలు ఎవరేమన్నా నోట మాట రాని మనిషికి రాత్రి జవాబులు వరసగా తట్టేవి. వరండాలో ఎవరెలా పడుకుంటారో ఆమెకు తెలిసిపోయింది. సోబిర్ గురక పెడతాడు. ఇల్హామ్ పిడికిళ్ళు బిగించి పడుకుంటాడు. మావ్జుదా కూతుర్ని పొట్టకు హత్తుకుని నోరు తెరుచుకుని పడుకుంటుంది, నిద్రలో కూడా "వస్తున్నా, వస్తున్నా" అంటుంది. మొదటి రాత్రి హుల్కర్ ఆమె తలాపి దగ్గర చాలాసేపు నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. తెరిచిన ఆ నోరు చూస్తుంటే జాలి రాలేదు, కోపమూ రాలేదు. చూడాలనిపించింది, చూసింది.

రెండో మేత వేస్తుండగా వాకిట్లో అడుగు చప్పుడైంది.

హుల్కర్ తలుపు తీసింది. ద్రాక్ష పందిరి కింద ఎవరూ లేరు. గాలిలో ఇసిరిక్ పొగ వాసన. దిష్టికి వేసే ఆ గింజలను అర్ధరాత్రి నిప్పుల మీద వేసేవాళ్ళు ఎవరు? గడప పక్క మెట్టు మీద ఒక టీ గిన్నె ఉంది. అడుగున గుక్కెడు టీ. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

పురుగులు మేసే వారంలో ఇంట్లో చనిపోయిన పెద్దలు వచ్చి చూసిపోతారని ఆ ఊళ్ళో అంటారు. మామగారు పోయి నాలుగేళ్ళు. హుల్కర్ ఆయన్ను చూడనైనా లేదు. వరండాలో పరుపులు లెక్కపెట్టింది, అన్నీ నిండుగానే ఉన్నాయి. అత్తగారి గది తలుపు మూసి ఉంది. గిన్నె కడిగి మిగతావాటి పక్కన బోర్లించి, తలుపు గడియ పెట్టుకుంది. పొద్దున ఎవరికీ చెప్పలేదు. చెబితే, రాత్రుళ్ళు మేలుకునేవాళ్ళకు అబద్ధాలు ఎక్కువని మావ్జుదా మళ్ళీ అంటుంది.

మూడో మేతతో సాయబానులో కొమ్మలు అయిపోయాయి. పురుగులు అనుకున్నదానికంటే ఎక్కువ తింటున్నాయి. హుల్కర్ గది చివర ఉన్న చిన్న పరుపు మీద నడుము వాల్చి కిటికీ తెర లాగబోతూ ఆగింది.

ఇంకా తెలవారలేదు. మావ్జుదా దొడ్డిదారిన మోపు భుజాన వేసుకుని వస్తోంది. రోడ్డు పక్క చెట్ల నుంచి అప్పటికప్పుడు కోసిన కొమ్మలు. తలగుడ్డ తడిసి నుదుటికి అంటుకుంది. చేతులు మోచేతుల దాకా మెరుస్తున్నాయి. మోపు దించి రెండుసార్లు విదిలించింది. మంచు నీళ్ళు గచ్చు మీద చిట్లాయి. ఆకుల కొసల నుంచి ఇంకా కారుతూనే ఉంది.

'అక్కా, తడి ఆకు' అన్న మాట హుల్కర్ నాలుక చివరికొచ్చింది. మావ్జుదా గొర్రెలు కాసే కొండ ఊరి పిల్ల. పోయినేటి దాకా తెల్లవారుజాము మేత అత్తగారే వేసేది. తడి ఆకు తిన్న పురుగుకు కడుపు చెడుతుందని, రెండు రోజుల్లో ఒళ్ళు మెత్తబడి నల్లబడుతుందని మావ్జుదాకు తెలుసో లేదో.

అప్పుడే అత్తగారి గది తలుపు కిర్రుమంది. మావ్జుదా గుండెల మీద చేయి పెట్టుకుని వంగింది. "సలాం అత్తయ్యా. చూశారా, మీ చిన్న కోడలు ఒక్క కొమ్మైనా మిగల్చలేదు. ఊడ్చిపెట్టి పడుకుంది. నేను లేకపోతే ఈ పూట పురుగులు పస్తే!"

హుల్కర్ తెర లాగేసింది. ఆ నిద్ర చాలా బాగా పట్టింది. ఎనిమిది నెలల్లో అంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు.

మరుసటి సాయంత్రం ఇల్హామ్ రెండు మోపులు ఎక్కువ తెచ్చాడు. అవీ చాలలేదు. తెల్లవారుజామున మావ్జుదా మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ కారుతున్న మోపుతో వచ్చింది. ఈసారి హుల్కర్ ముందే కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మావ్జుదా మోపు విదిలించడం తెర సందులోంచి చూసింది, ఆ కొమ్మలను తలుపు పక్కనున్న పందిరి మీద పరుస్తుంటే పరుపు మీంచి కళ్ళు సగం మూసుకుని చివరి దాకా చూసింది. ఆ మోపు ముందు రోజులాగే ఆ ఒక్క పందిరికే సరిపోయింది, మిగతా రెండిటికీ మంచు ఆరాక సోబిర్ కొమ్మలు తెచ్చాడు. ఆ రాత్రీ మెట్టు మీద గిన్నె ఉంది. ఆ రాత్రి ఆమెకు భయం కాస్త తగ్గింది.

పగటిపూట ఇంట్లో అంతా మామూలే. మావ్జుదా రొట్టెలు కాల్చింది. మధ్యాహ్నం నమాజు వేళకు రిసోలత్ ఎప్పటిలాగే తలుపు వేసుకుంది. ఆ రెండు గంటలూ ఆ తలుపు తట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

మూడో రోజు సాయంత్రం సోబిర్ కేక పెట్టాడు. తలుపు పక్క పందిరి మీద పురుగులు తలలు వేలాడేసి కొమ్మలకు అంటుకుని ఉన్నాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి నల్లటి నీరు కారుతోంది. గదిలో పుల్లటి వాసన. ఒక పందిరిలో సగం పోయినట్టే.

"నేను చెప్పలేదా!" అంది మావ్జుదా. నిజంగానే ఏడుస్తోంది. "రాత్రంతా ఒక్కతే ఉంటుంది లోపల. ఏం చేస్తుందో ఎవరు చూశారు? ఏం కలిపావే? నిజం చెప్పు!"

"నేనేమీ కలపలేదు."

"మరి నీ పందిరి మీద పురుగులు ఎందుకు చచ్చాయి?"

"అన్ని పందిళ్ళూ నావే కదక్కా. మిగతా రెండూ బాగానే ఉన్నాయిగా."

ఇల్హామ్ భార్య భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. "హుల్కర్, ఏమైనా తెలిస్తే చెప్పు. అమ్మ రేపే బండి పిలిపిస్తానంటోంది. నీకు దండం పెడతాను, చెప్పు."

ఆమె భర్త ముఖంలోకి చూసింది. చెప్పాలంటే రెండు రోజుల కిందటే చెప్పాల్సింది. ఇప్పుడు చెబితే, చూసి ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. దానికి లోపల ఉన్న జవాబు నోటితో అనగలిగింది కాదు.

"నాకేం తెలియదండీ," అంది.

రిసోలత్ ఇంతసేపూ చచ్చిన పురుగులను పళ్ళెంలోకి ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "అరవకండి. ఉన్న పురుగులు బెదురుతాయి. రేపు తెల్లవారుజాము మేత దగ్గర నేనుంటాను."

తెల్లవారుజామున మావ్జుదా మోపు దించేసరికి రిసోలత్ మెట్టు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి ఒక ఆకు తుంచి మావ్జుదా చెంపకు ఆనించింది.

"ఇదేంటి?"

"మంచు అత్తయ్యా. విదిలించాను."

"ఎన్నాళ్ళనించి?"

మావ్జుదాకు అప్పుడు అర్థమైంది. మోపు పక్కనే కూలబడింది. "నాకు తెలియదత్తయ్యా. కొమ్మలు లేవని... మీరు లేచేసరికి మేత ఉండాలని..." సోబిర్ లేచి వచ్చి భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. రిసోలత్ తిట్టలేదు. "కాన్పుకి ముందు ఎలాగూ పుట్టింటికి పోవాలి. రేపే పో. పిల్లని కూడా తీసుకెళ్ళు. ఎప్పుడు రావాలో నేను చెప్తాను," అంది.

మావ్జుదాకు మూడో నెల. కాన్పు ఇంకా ఆరు నెలలుంది. ఎప్పుడు రావాలో చెప్తానన్న మాటకు ఇప్పట్లో పిలవదనే అర్థమని వాకిట్లో అందరికీ తెలుసు.

ఆ రాత్రి హుల్కర్ మేత వేస్తుంటే కొమ్మలు వంకరగా పడ్డాయి. వరండాలో మావ్జుదా ఏడుపు గుడ్డల్లో కుక్కుకుంటున్నట్టు వినిపిస్తోంది. వాన చప్పుడు కింద ఆ ఏడుపు, ఏడుపు కింద వాన చప్పుడు. హుల్కర్ చెవులు మూసుకుంది. తనకు జాలి కలుగుతోందని ఆమెకు సంతోషం కలిగింది. ఆ సంతోషం చూసి ఒళ్ళు జలదరించింది.

మెట్టు మీద చప్పుడైంది. ఈసారి ఆమె ఆగలేదు, విసురుగా తలుపు తీసింది.

చీకట్లో రిసోలత్ కూర్చుని ఉంది. చేతిలో గిన్నె. పక్కన నిప్పుల కుంపటిలోంచి సన్నగా పొగ.

"కూచో," అంది అత్తగారు.

"అత్తయ్యా, మీరా! రోజూ మీరేనా?"

"పెళ్ళయి వచ్చిన నాటినించీ నాకు రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే లేవడం మా అత్త నేర్పింది, వాతలు పెట్టి. మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటాను. నమాజనుకుంటారు వెర్రి వెధవలు." ఆమె నవ్వింది. హుల్కర్ ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. కుర్రదాని నవ్వులా ఉంది.

"అత్తయ్యా, నేనొక మాట చెప్పాలి. అక్క తడి కొమ్మలు వెయ్యడం నేను మొదటి రోజే..."

"చూశావు. తెర లాగేశావు. రెండో రోజు తెర సందులోంచి చూశావు."

హుల్కర్ తల తిప్పి తన కిటికీ వైపు చూసింది.

"అది వంగి సలాం చేస్తున్నప్పుడు నాకు దాని వీపు కనిపించింది, దాని వెనక నీ కిటికీ కనిపించింది. మోపు కారుతుండటమూ కనిపించింది."

"మరి మీరెందుకు ఆపలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను." రిసోలత్ గిన్నెలో మిగిలిన టీ నేల మీద ఒంపింది. "చెప్పలేదు. అరిచి అడిగారు, బండి ఎక్కిస్తామన్నారు, అప్పుడూ చెప్పలేదు. మొగుడు బతిమాలినా చెప్పలేదు. అర పందిరి పురుగులు పోయాయి, పోనీ. పెద్దది మంచిదే. దాని కడుపులో ఏదీ ఆగదు. దాని చేతికి ఇల్లెలా ఇస్తాను?"

లోపల వాన కురుస్తూనే ఉంది. హుల్కర్ లేచి నిలబడింది. అంత చీకట్లోనూ ఆ ముసలి కళ్ళు తన చేతుల్నే చూస్తున్నాయని ఆమెకు తెలిసింది. చేతులు తలగుడ్డ కొంగులో దాచుకుంది.

"నేను రేపు అందరికీ చెప్పేస్తాను," అంది.

"చెప్పు," అంది అత్తగారు.

ఆ పొద్దున హుల్కర్ పడుకోలేదు. మొదటిసారి ఎవరూ లేపకుండా వాకిలి ఊడ్చింది, నీళ్ళు చల్లింది. బండి వచ్చేసరికి మావ్జుదా మూట కట్టుకుని, కూతురి చేయి పట్టుకుని నిలబడి ఉంది. సోబిర్ గేటు తీస్తున్నాడు. హుల్కర్ వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"అక్క తప్పు కాదిది. నాకు మొదటి రోజే తెలుసు. ఆకు తడిగా ఉందని చూశాను. తడి ఆకు పురుగును చంపుతుందని మా అమ్మ నేర్పింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. రెండు రోజులు చూస్తూ కూచున్నాను. పంపిస్తే నన్ను పంపండి."

ఇల్హామ్ నోరు తెరిచి నిలబడ్డాడు. రిసోలత్ మెల్లగా వచ్చి చిన్న కోడలి తల మీద చేయి వేసింది.

"చూశార్రా దీని మనసు!" అంది గొంతు బొంగురు చేసుకుని. "తోడికోడలు పోతుంటే ఓర్వలేక తప్పు తన నెత్తినేసుకుంటోంది. రాత్రంతా మేతేసి తెల్లారకముందే వాకిలూడ్చింది. ఇలాంటి పిల్లనా మనం అన్ని మాటలన్నది!"

"నిజమే చెబుతున్నాను!" అని హుల్కర్ అరిచింది.

"నిజమేనమ్మా, నిజమే," అంటూ సోబిర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇల్హామ్ ముఖం గర్వంతో వెలిగిపోయింది.

మావ్జుదా మూట కింద పెట్టి హుల్కర్‌ను గట్టిగా కావలించుకుంది. "నిన్ను ఎన్నెన్ని మాటలన్నానే చెల్లీ. ఆ డాక్టరు నాలుక తెగ! నన్ను క్షమించు," అంది చెవిలో. ఆమె కన్నీళ్ళు హుల్కర్ మెడ మీద వేడిగా పడ్డాయి. హుల్కర్ ఆ వెడల్పాటి భుజం మీదుగా చూసింది. అత్తగారు ఆమె చేతుల్ని చూస్తోంది. ఆ చేతులు మావ్జుదా వీపు నిమురుతున్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాయో హుల్కర్‌కు తెలియదు.

ఇంకొక్కసారి గట్టిగా చెబితే మావ్జుదా అయినా నమ్మేదేమో. హుల్కర్ చెప్పలేదు. మావ్జుదా బండెక్కింది. బండి మలుపు తిరిగేదాకా మావ్జుదా కూతురు వెనక్కి తిరిగి చేయి ఊపుతూనే ఉంది.

ఆ రాత్రి మేత వేశాక హుల్కర్ టీ కాచింది. పురుగులు ఆకు అందుకున్నాయి, గది నిండా వాన మొదలైంది. వాకిట్లో అడుగు చప్పుడు కోసం ఆమె చెవి పెట్టి వింది. వినిపించాక తలుపు తీసి, రెండో గిన్నె నింపి మెట్టు మీద పెట్టింది.